ఊరి పొగంతా సిలారుదే

నేరెళ్లపట్నంలో పొగకు ఏనాడూ కరువు లేదు. పడమట ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. దాని గొట్టం తెల్లవారింది మొదలు ఊక పొగ కక్కుతూనే ఉంటుంది, ఆ వైపు డాబాల మీద తెల్లబట్టలు ఆరేసే ధైర్యం ఎవరికీ లేదు. తూర్పున బైపాస్ మీద లారీలు. ఉత్తరాన మునిసిపాలిటీ వారి చెత్తదిబ్బ. అది ఎప్పుడు అంటుకుందో తెలిసినవాళ్లు రిటైరైపోయారు, ఆర్పడం తెలిసినవాళ్లు ఇంకా ఉద్యోగంలో చేరలేదు.

ఇన్ని పొగల మధ్య షేక్ సిలారుది చారెడు పొగ. రోజూ పొద్దున్నే కొబ్బరిచిప్పలు కాల్చి, ఆ నిప్పులు ఇత్తడి ధూపదానిలో వేసుకుని, భుజాన సాంబ్రాణి సంచీ, చంకలో నెమలీకల కట్టతో గడియారస్తంభం బజారుకు బయల్దేరతాడు. మొత్తం నలభై అయిదు కొట్లు. ప్రతి కొట్లో తక్కెడకూ, గల్లాపెట్టెకూ, పటాల్లోని దేవుళ్లకూ మూడేసి సార్లు పొగ చూపిస్తాడు. కొట్టు యజమాని రెండు చేతులా ఆ పొగ తీసుకుని కళ్లకద్దుకుంటాడు. సిలారు నెమలీకలతో అతని నెత్తి తాకి, తోచింది పుచ్చుకుని పక్క కొట్టుకు పోతాడు. సాయిబు పొగ తగలందే బోణీ చెయ్యని శెట్లు ఆ బజార్లో పదిమంది దాకా ఉన్నారు. ధూపదాని సిలారుకు తాతగారి నాటిది. తండ్రి పోయేముందు దాన్ని చేతిలో పెట్టి, "ఒక్క కొట్టు కూడా తప్పొద్దురా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా సిలారు తప్పలేదు. అతని ఆస్తీ, పరువూ, బువ్వా అన్నీ ఆ ధూపదానీ ఆ నలభై అయిదు కొట్లే.

శుక్రవారాల్లో మాత్రం చివరగా మునిసిపల్ ఆఫీసుకు కూడా వెళ్లి కమిషనర్‌గారి కుర్చీకి పొగ వేసి వచ్చేవాడు. కొంప ముంచింది ఆ మర్యాదే.

ఒక శుక్రవారం కమిషనర్ శేషాచలపతిగారు సిబ్బందిని కూర్చోబెట్టుకుని, పైనుంచి వచ్చిన ఉత్తర్వును మూడోసారి చదివి వినిపిస్తున్నారు. ప్రతి పట్టణమూ తన పొగ వనరులను గుర్తించి నమోదు చెయ్యాలి. మూడు నెలలు కొలవాలి. ఆ తర్వాత ముప్పై శాతం తగ్గించి చూపాలి. తగ్గించిన పట్టణానికి షీల్డు.

"రైస్ మిల్లు సంగతేమిటి?" అన్నారు కమిషనర్.

"వాళ్ల దగ్గర సర్టిఫికెట్టుంది సార్. పొగ రాదని అందులో స్పష్టంగా రాసుంది," అన్నాడు శానిటరీ ఇనస్పెక్టరు పానకాలరావు.

"మరి గొట్టంలోంచి వచ్చేదేమిటయ్యా?"

"అదేమిటో సర్టిఫికెట్టులో లేదు సార్."

"లారీలు?"

"కదిలేవి రవాణా శాఖవి సార్. ఆగినవి పోలీసు శాఖవి. మనకేమీ మిగల్లేదు."

"చెత్తదిబ్బ?"

పానకాలరావు గొంతు తగ్గించి, "దాన్ని శాస్త్రీయంగా మూసివేసినట్టు రెండేళ్ల క్రితమే మనం పైకి రాశాం సార్. లేని దిబ్బ ఎలా మండుతుంది?" అన్నాడు.

లేని దిబ్బ పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. కమిషనర్ దగ్గి, కిటికీ మూయించారు.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని సిలారు వచ్చాడు. అలవాటు ప్రకారం ఎవరినీ పలకరించకుండా కుర్చీ చుట్టూ ధూపదాని తిప్పాడు. కమిషనర్ కూడా అలవాటు ప్రకారం పొగ కళ్లకద్దుకున్నారు. అద్దుకున్న కళ్లు తెరిచి సిలారును కొత్తగా చూశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే అందరూ భుజాలు తడుముకుంటున్న సభలోకి, పాపం, సిలారు ఏకంగా గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడు.

"పానకాలరావూ, ఇది పొగా, కాదా?"

"పొగే సార్."

"సర్టిఫికెట్టుందా?"

"లేదు సార్."

"ఏ శాఖ కిందికి వస్తాడు?"

"ఏ శాఖా లేదు సార్. మూడో వార్డు. పూర్తిగా మనవాడే."

కమిషనర్ మొహం వెలిగిపోయింది. ఆ పూటే నమోదు ఫారం తెప్పించారు. ఫ్యాక్టరీల కోసం అచ్చు వేసిన ఫారం అది, పదిహేడు గడులున్నాయి. యూనిట్ పేరు దగ్గర సిలారు అనీ, ఇంధనం దగ్గర కొబ్బరిచిప్పలనీ రాసి, పానకాలరావు పదకొండో గడి దగ్గర ఆగాడు.

"చిమ్నీ ఎత్తెంత?"

"అదేందండీ?"

"పొగగొట్టం. నిబంధన ప్రకారం ముప్పై మీటర్లుండాలి."

సిలారు తలెత్తి ఆఫీసు మేడ వంక చూశాడు. "అంత పొడుగు గొట్టం పట్టుకుని కొట్లోకి ఎట్టా దూరేదండీ?"

"దూరడం గురించి ఫారంలో లేదు."

కమిషనర్ దయగల మనిషి. మానవతా దృక్పథంతో చిమ్నీని తాత్కాలికంగా ఆరడుగులకు సడలించారు. మర్నాటి నుంచి సిలారు ధూపదాని మీద ఆరడుగుల రేకుగొట్టం బిగించుకుని, పెళ్లి ఊరేగింపులో లైటు మోసేవాడిలా బజారున పడ్డాడు. గొట్టంలోంచి వచ్చిన పొగ తిన్నగా దూలాల్లోకి పోయేది. బట్టల కొట్టు ధనకోటి శెట్టి స్థూలకాయుడు. పాపం, బోణీ కోసం స్టూలెక్కి, ఒక చేత్తో ఫ్యాను ఊచ పట్టుకుని, రెండో చేత్తో పొగ తీసుకునేవాడు.

"ఏంది సిలారూ, ఈ సాంబ్రాణి నాకు వేస్తున్నావా, పైనున్న బల్లులకు వేస్తున్నావా?"

"బల్లులకేనండీ. మునిసిపాలిటీ ఆర్డరు," అన్నాడు సిలారు.

ఆఫీసు మేడ మీద పొగ కొలిచే మిషను పెట్టారు. కింద గోడకు ఎర్రంకెల బోర్డు. మొదటి రోజే రెండువందల అరవై చూపించింది. పానకాలరావు లెక్కల్లో గట్టివాడు. ఊళ్లో పొగ రెండువందల అరవై. నమోదైన పొగ వనరు ఒకటి. కనుక, "సదరు సిలారు అనువాడు పట్టణ వాయు కాలుష్యమునకు నూటికి నూరుపాళ్లు బాధ్యుడై ఉన్నట్లు ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని నోటీసు ఇచ్చాడు.

సిలారు ఆ కాగితం పట్టుకుని కమిషనర్ దగ్గరికి పరిగెత్తాడు. "నాయి చారెడు నిప్పులండీ బాబూ! ఊరంతా మసి కొట్టుకుపోతే అదంతా నాదే అంటారేందండీ?"

"అయితే మిగతాది ఎవరిదో చూపించు."

సిలారు కిటికీ వైపు వేలు చూపించాడు.

"కిటికీ మూసుంది కదయ్యా," అన్నారు కమిషనర్.

సిలారు ధూపదాని బల్ల మీద పెట్టి, "పోనీ, మానేస్తానండీ. మా నాయన మన్నిస్తాడు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో అతనికే తెలియాలి.

కమిషనర్ కుర్చీలోంచి లేచారు. "మానేస్తావా? నువ్వు మానేస్తే మేం దేన్ని తగ్గించాలి? వాళ్లడిగింది ముప్పై శాతం. నూటికి నూరు తగ్గిందంటే పైవాళ్లు నమ్ముతారా? మూడు నెలలు శుభ్రంగా పొగ వెయ్యాలి. ఆ తర్వాత మేం చెప్పినంత తగ్గించాలి. పట్టణ ప్రతిష్ఠ నీ చేతిలో ఉందయ్యా, పారిపోతానంటే ఎలా?"

ఆనాటి నుంచి సిలారు రోజూ ఆఫీసులో హాజరు వేయించుకుని పొగ వెయ్యడానికి పోవలసి వచ్చింది.

ఆషాఢంలో ఒకసారి అతనికి జ్వరం తగిలింది. మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ ఊళ్లో కుండపోత వాన. దిబ్బ తడిసి ఆరిపోయింది. ధాన్యం ఆరబెట్టే వీలు లేక మిల్లు కట్టేశారు. బైపాస్ మీద నీళ్లు నిలిచి లారీలు ఆగాయి. బోర్డు మీద అంకె నలభైకి దిగింది. నాలుగో రోజు ఎండ కాసింది, సిలారు లేచాడు. అంకె రెండువందలు దాటింది.

కమిషనర్ స్వయంగా ఎర్ర సిరాతో గ్రాఫు గీశారు. సిలారు మంచంలో ఉన్నప్పుడు ఇంత, లేచినప్పుడు ఇంత. దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. పక్క మునిసిపాలిటీల నుంచి అధికారులు వచ్చి చూసి, తమ ఊళ్లలో కూడా ఇలాంటి సిలార్లు దొరుకుతారేమోనని వెతకడానికి వెళ్లారు.

"నీ జరానికి ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుందంటగా," అంది ఇంట్లో హుసేన్‌బీ, సిలారు భార్య, గంజి గ్లాసు అందిస్తూ. నవ్వబోయి దగ్గింది. ఆమెకు ఆ దగ్గు నాలుగేళ్లుగా ఉంది. వాళ్ల ఇల్లు ఉత్తరం వైపు.

మూడు నెలలూ అయ్యాయి, ఇక తగ్గింపు. నలభై అయిదు కొట్లలో ముప్పై శాతం ఎంతని పానకాలరావు లెక్క వేస్తే పదమూడున్నర తేలింది. పదమూడు కొట్లు పూర్తిగా కొట్టేశాడు. అర కొట్టు దగ్గర చిక్కు వచ్చింది. ధనకోటి శెట్టి కొట్టు పెద్దది గనక దాన్ని ఎంచి, నడిమధ్య సుద్దముక్కతో గీత గీశాడు. చీరెల వైపు పొగ వెయ్యొచ్చు, పంచెల వైపు వెయ్యకూడదు. "పంచెలేం పాపం చేశాయయ్యా?" అని శెట్టి మొత్తుకున్నాడు. రికార్డులో ఆ వివరానికి గడి లేదు.

సిలారుకు మాత్రం నవ్వు రాలేదు. తప్పించిన పదమూడు కొట్ల ముందు నుంచి నడిచేటప్పుడు తల ఎత్తలేకపోయేవాడు. పూలు కట్టే ఆదెమ్మ అరుగు అందులో ఒకటి. "నేనేం జేశాను సాయిబూ, నా బుట్టకెందుకు వెయ్యవు?" అని ఆమె అడిగితే, నెమలీకలతో నెత్తి తాకి పరుగున పోయాడు. నెమలీకల మీద ఇంకా ఉత్తర్వు రాలేదు.

మాఘమాసం వచ్చింది. కొత్త ధాన్యం వచ్చి మిల్లు రేయింబవళ్లు నడుస్తోంది. దిబ్బ ఎండి మళ్లీ భగ్గుమంది. అంకె మూడువందల ముప్పై అయింది. ఇక పది రోజుల్లో తనిఖీ. ముప్పై శాతం తగ్గించినా పొగ పెరిగిందంటే సిలారు దొంగచాటుగా వేస్తున్నట్టే కదా! నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు ఊరికే అన్నారా? పానకాలరావు బజారు నడిబొడ్డున పంచనామా చేసి ధూపదాని లాక్కున్నాడు. పంచనామాలో "నిప్పులతో సహా ఇత్తడి ధూపదాని ఒకటి" అని రాశాడు.

రాసింది రాసినట్టు చిక్కయింది. సాక్ష్యం అంటే స్వాధీనం చేసుకున్నప్పుడు ఎలా ఉందో విచారణ దాకా అలాగే ఉండాలి. కనుక నిప్పులు ఆరకూడదు. ధూపదానిని రికార్డు రూములో పెట్టి, ముగ్గురు అటెండర్లకు డ్యూటీలు వేశారు. కొబ్బరిచిప్పలకు టెండరు పిలిచారు. ఊరి పొగకు మూలమని తాము తేల్చిన దాన్ని తామే విసురుకుంటూ కూర్చున్నారు.

సిలారు రోజూ వచ్చి రికార్డు రూము కిటికీ దగ్గర నిలబడేవాడు. "పైన బూడిద ఊదయ్యా, లేకపోతే ఇత్తడి మచ్చపడుద్ది" అని అటెండరుకు చెప్పేవాడు. తర్వాత గడియారస్తంభం అరుగు మీద వట్టి నెమలీకలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. తాత ధూపదాని పరాయి చేతుల్లో మండుతుంటే చూడటం కన్నబిడ్డను ఠాణాలో చూసినట్టుండేది.

తనిఖీ రోజు రానే వచ్చింది. రాజధాని నుంచి వచ్చిన మేడమ్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే కారు దిగారు. బోర్డు మీద మూడువందల నలభై. ఆవిడ ఫైలంతా ఓపిగ్గా చదివారు.

"పట్టణం మొత్తానికి పొగ వనరు ఈ ఒక్క ధూపదానేనా?"

"ఒక్కటే మేడమ్. శాస్త్రీయంగా రుజువైంది," అంటూ కమిషనర్ గ్రాఫు చూపించారు.

"ప్రస్తుతం అది ఎవరి స్వాధీనంలో ఉంది?"

"మా స్వాధీనంలోనే మేడమ్. పది రోజులుగా పకడ్బందీగా కాపాడుతున్నాం."

"ఆర్పకుండానా?"

"ఒక్క క్షణం కూడా ఆరనివ్వలేదు మేడమ్."

ఆవిడ ఫైలు మూశారు. "అంటే పది రోజులుగా ఊరిమీద ఇంత పొగ పెడుతున్నది మీరేనన్న మాట. భోంచేసి వచ్చి సాయంత్రం నివేదిక రాస్తాను."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పొగ ధూపదానిది కాదంటే గ్రాఫు అబద్ధం. అవునంటే దోషి కమిషనర్. పానకాలరావు చెంబెడు నీళ్లు తెచ్చి ధూపదానిలో గుమ్మరించాడు. నిప్పులు సుయ్‌మని చచ్చాయి. ఇద్దరూ బోర్డు దగ్గరికి పరిగెత్తారు. మూడువందల నలభై రెండు.

జన్మలో మొదటిసారి కమిషనర్ కారెక్కకుండా బజారుకు నడిచారు. అరుగు మీద కూర్చున్న సిలారు ముందు నిలబడి, "సిలారూ, నీ ధూపదాని ఆరడం లేదయ్యా!" అన్నారు. ఏడుపొకటే తక్కువ.

"ఆరిందంటగా అండీ. అటెండరు చెప్పాడు."

"రికార్డు రూములో ఆరింది. బోర్డు మీద ఆరలేదు. ఎక్కడ నీళ్లు పోస్తే ఆరుతుందో నువ్వే చెప్పాలి. వస్తువు నీది."

సిలారు ఆయన మొహం వంక చూశాడు, కోపంగా కాదు, జాలిగా. ఒళ్లోని నెమలీకల కట్ట ఎత్తి ఉత్తరం వైపు చూపించాడు. "ఆడ పోయండయ్యా."

"అక్కడ... అది లేదు కదయ్యా."

"లేని చోటేగా. పోయండి, ఎవురూ చూడరు."

మునిసిపాలిటీ టాంకర్లన్నీ, ఫైరింజనుతో సహా, ఉత్తరం దారి పట్టాయి. సాయంత్రం నాలుగింటి దాకా దిబ్బ మీద నీళ్లు కొడుతూనే ఉన్నారు. రికార్డులో మాత్రం "ధూపదాని ఆర్పుటకు: టాంకర్లు నలభై" అని రాశారు. మేడమ్ తిరిగి వచ్చేసరికి అంకె ఎనభై అయిదు. ఆవిడ రుమాలు మడిచి సంచీలో పెట్టుకుని, "అత్యంత మొండి పొగ వనరును పురపాలక సంఘం అకుంఠిత దీక్షతో ఆర్పినది" అని రాసి సంతకం చేశారు. నెల తిరక్కుండా షీల్డు వచ్చింది.

ధూపదానిని సిలారుకు తిరిగి ఇచ్చేశారు, ఇకపై వెలిగించరాదన్న ఉత్తర్వుతో. సిలారు దాన్ని చింతపండుతో తళతళా తోమి, చల్లటి ధూపదానితోనే బజారుకు పోయాడు. పోకుండా ఉండలేక పోయాడు. ధనకోటి శెట్టి అలవాటు కొద్దీ రెండు చేతులూ చాచి, వట్టి గాలిని కళ్లకద్దుకున్నాడు. కళ్లు తెరిచాక సిలారు మొహం చూడలేక తల తిప్పుకున్నాడు.

చైత్రంలో దిబ్బ తడారి మళ్లీ అంటుకుంది. ఈసారి పొగ బజారు దాకా దిగింది. హుసేన్‌బీ దగ్గు రెండిళ్ల అవతలికి వినిపిస్తోంది. జనం మునిసిపల్ ఆఫీసుకు పోయి టాంకర్లు పంపమని గొడవ చేశారు.

"టాంకర్లు ధూపదాని పద్దు కింద మాత్రమే మంజూరవుతాయి," అన్నాడు పానకాలరావు, తానూ దగ్గుతూ. "ధూపదాని చూస్తే మంచులా చల్లగా ఉంది. చల్లటి దానికి నీళ్లెలా రాయమంటారు?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా వెలిగింది ధనకోటి శెట్టికి. ఆయన ముందు, ఆదెమ్మ వెనక, ఆ వెనక బజారంతా, అందరికన్నా వెనక ముక్కు మూసుకుని పానకాలరావు, అంతా కలిసి సిలారు ఇంటికి వెళ్లారు.

"సిలారూ, ఊరికి ఊపిరాడటం లేదు. ఆ ధూపదాని ఒక్కసారి వెలిగించవయ్యా, పొగ తగ్గుద్ది!" అన్నాడు శెట్టి.

సిలారు పానకాలరావు వంక చూశాడు. "గొట్టం పెట్టాలాండీ?"

"వద్దు."

"పదమూడున్నర తగ్గించాలా?"

"ఒక్క కొట్టు కూడా తప్పొద్దు!" అని పానకాలరావు కేకేశాడు. "నువ్వెన్ని కొట్లకు వేస్తే నేనన్ని టాంకర్లు రాస్తాను!"

ఆ మాట ఆ నోట వినగానే సిలారుకు కళ్లు చెమర్చాయి. లోపల హుసేన్‌బీ దగ్గుతూనే కొబ్బరిచిప్పలు అంటించింది.

ఆ రోజు సిలారు వరస మార్చాడు. ముందుగా ఆదెమ్మ పూలబుట్టకు పొగ వేశాడు. తర్వాత తప్పించిన మిగతా పన్నెండు కొట్లకు. ఆ తర్వాత ధనకోటి శెట్టి కొట్లోకి వెళ్లి, సుద్దగీత దాటి, పంచెల వైపు నిలబడి సాంబ్రాణి గుప్పెడు చల్లాడు. శెట్టి స్టూలెక్కకుండానే రెండు చేతులా పొగ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. వీధిలో మొదటి టాంకరు హారను కొట్టుకుంటూ ఉత్తరం వైపు పోయింది.